పత్తికట్టె మొదట్లో బోన్లు

భూపాలపల్లి అడవి క్యాంపు,
11 నవంబర్ 2024

మామకు దండాలు,

డబ్బా విప్పగానే అత్తమ్మ జడుసుకొని ఉంటుంది. అవి రేకు బోన్లు, ఎలుకల కోసం. ఇంట్లో ఎలుకలు పెంచబోతున్నామని కాదు, ఆమెను జర శాంతించమను.

నీతో ఫోన్‌లో మాట్లాడదామంటే ఇరవయ్యేళ్ల రైసుమిల్లు నీ చెవులు తినేసింది. మెసేజ్ పెడదామంటే అద్దం ఫోన్ మీద నీ వేలు ఆగదు. ఇక్కడ నాకు సిగ్నలే లేదు. కాబట్టి ఉత్తరాలే దిక్కు. నువ్వు తొర్రూరు బస్టాండులో కార్గోకు ఇచ్చే సీసాల డబ్బాలోనే నాలుగు ముక్కలు రాసి పెట్టు. ఆదివారం నేను భూపాలపల్లి వచ్చి తీసుకుంటాను.

సంగతి ఇది. వానలు వెనకబట్టాక మన వైపు ఊళ్లలో ఒక జ్వరం వస్తోంది. ఎలుకల చెవుల్లో ఒక ఎర్ర పురుగు ఉంటుంది, సన్నది, ఒక్కటైతే కంటికి ఆనదు. అది నేల మీద పడి, గడ్డిలో కూర్చున్న మనిషిని కుడితే ఆ జ్వరం పట్టుకుంటుంది. పురుగు ఎక్కడ ఎంత ఉందో తెలియాలంటే, ముందు ఎలుకలు ఎక్కడ ఎన్ని ఉన్నాయో తెలియాలి. అన్నిటినీ పట్టలేం. అందుకని నేలను బట్టి కొన్ని చోట్లు ఎంచుకొని బోన్లు పెడుతున్నాం. జనగామ గుట్టల్లో రాళ్ల సందుల్లో నా తోటి పిల్ల శృతి చూస్తుంది. ఇక్కడ అడవి అంచున నేను, నాకు తోడు టీక్యా అనే తండా మనిషి. పత్తి చేనుకు నీకంటే నమ్మకమైనవాడు నాకెవరున్నారు?

సాయంత్రం బోనులో పల్లీలు, బెల్లం పెట్టు. పొద్దెక్కకముందే చూడు. చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోకు. పడినదాన్ని సంచిలోకి దించి, తెల్లగుడ్డ మీద దువ్వి, రాలిన పురుగును సీసాలో వెయ్యి. వీపు మీద కొంచెం వెంట్రుక కత్తిరించి వదిలెయ్యి. మళ్లీ పడితే పాతదో కొత్తదో ఆ గుర్తు చెబుతుంది. ఎన్ని పాతవి తిరిగి పడ్డాయో చూసి, మొత్తం ఎన్ని ఉంటాయో అంచనా కడతాం.

ఒకటి మరిచిపోకు. బోన్లు పది అడుగులకొకటి, వరసగా, పత్తికట్టె మొదట్లోనే ఉండాలి. చాటు లేని చోట పెట్టకు. ఎండ తగిలితే రేకు కాలిపోయి లోపలిది చస్తుంది.

మౌనికను పురుటికి ఏడో నెలలో తీసుకొస్తారని విన్నాను. వచ్చిందా?

నీ మేనకోడలు,
రజిత

*

పెద్దవంగర,
19 నవంబర్ 2024

బిడ్డ రజితకు నీ చెవిటి మామ దీవెనలు.

ఉత్తరమంటే పుస్తకంలో ఉన్నట్టు రాయాలని మా పంతులు బెత్తంతో నేర్పాడు. కాబట్టి నా రాత చూసి నవ్వకు.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. కట్టె మొదట్లో, పది అడుగులకొకటి, దారం కొట్టి మరీ వరస తీశాను. ఊరంతా నవ్వుతోంది. నిన్న హోటల్ దగ్గర జగన్ నా మొహంలో మొహం పెట్టి, పెదాలు నాకు అర్థమయ్యేటట్టు ఆడించి మరీ అడిగాడు: “ఏందే సమ్మన్నా, ఎలుకలకు బెల్లం బెడుతున్నవట, మాకు జర చాయన్న తాగియ్యరాదే!” ఇప్పుడు నా పేరు ఎలుకల సమ్మయ్య. పోనీలే, మిల్లులో ఉన్నప్పుడు అసలు పేరే లేదు.

మీ అత్తమ్మ గట్టమ్మ సంగతి నీకు తెలుసు. ఈ లోకంలో నాకు కాస్తోకూస్తో వినిపించేది ఆమె అరుపొక్కటే. “బిడ్డ పురుటికొచ్చె, నువ్వు గా ఎలుకల ఎంబడి పడితివి. ఏమన్న తెలివున్నదా నీకు?” అంటుంది. అవును, మౌనిక వచ్చింది. అల్లుడు శ్రావణ్ డోర్నకల్ నుంచి తెచ్చి దించి, రైలు డ్యూటీ ఉందని ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు. పిల్ల ముఖం నిండుగా ఉంది. కురవి వీరభద్రుడికి గట్టమ్మ ఏదో మొక్కింది, నాకు చెప్పలేదు.

నాకున్న బాధ ఒక్కటే. బోన్లు ఖాళీగా ఉంటున్నాయి. మంచులో, ఈ మోకాళ్లతో అంత దూరం నడిచిపోతే రోజుకు ఒకటో రెండో. మొన్న ఒక్కటీ పడలేదు. ఇంటికొచ్చిన చుట్టానికి ఉత్త విస్తరి వేసినట్టు సిగ్గుగా ఉంది. ఆ పక్క గుట్టల్లో, అడవిలో దండిగా పడుతుంటాయి కదా. మన చేను నీ పరువు తీసింది బిడ్డా.

మామ సమ్మయ్య

*

అడవి క్యాంపు,
27 నవంబర్ 2024

మామా,

పరువు ఎందుకు పోతుంది? ఖాళీ బోను కూడా జవాబే. ఇక్కడ లేదు అని చెప్పడం, ఇక్కడ ఉంది అని చెప్పినంత విలువైన మాట. నువ్వు దాచకుండా రాస్తున్నావు, అదే నాకు కావాలి. నువ్వసలు పరేషాన్ కాకు.

ఇక్కడా ఏం దండిగా లేదు. బొగ్గు గనుల మట్టిదిబ్బల మీద పెట్టినవి ఖాళీ. వాగు ఒడ్డున మాత్రం పడుతున్నాయి. అదే అడవి, అదే గాలి, కానీ నేల మారగానే అంతా మారిపోతోంది. ఒక చోట చూసి జిల్లా మొత్తానికి చెప్పేస్తే ఎంత తప్పు అవుతుందో ఇప్పుడు కళ్లారా చూస్తున్నాను.

టీక్యా రెండు రోజులుగా పనికి రావడం లేదు. జ్వరమట. వాగు ఒడ్డున గడ్డిలో పడుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానో. “మేం పుట్టింది గీ గడ్డిలనే గదమ్మా” అని నవ్వేవాడు. వాళ్ల ఆవిడ మోతీ నిన్న వచ్చి గోలీలు అడిగింది. దవాఖానకు తీసుకుపొమ్మని బతిమాలాను. రేపు చూద్దామంది.

నాకు మనసు బాగాలేదు మామా. నువ్వు తొడుగులు వేసుకుంటున్నావు కదా? ఇంటికి రాగానే వేడినీళ్లతో స్నానం చెయ్యి, ఆ బట్టలు విడిగా ఉతికించు.

రజిత

*

పెద్దవంగర,
9 డిసెంబర్ 2024

బిడ్డా రజితా,

ఈసారి డబ్బా బరువు చూశావా? ఇక నీ మామ తల ఎత్తుకొని తిరుగుతాడు!

ఖాళీ బోను కూడా జవాబే అని రాశావు. నన్ను ఊరడించడానికి రాశావని నాకు తెలియదా? ఇప్పుడు ఆ అవసరం లేదు. వారం రోజులుగా సగం బోన్లు నిండుతున్నాయి. ఎలుకలు, చుంచులు, ఒకరోజు పందికొక్కు పిల్ల కూడా. వెంట్రుక కత్తిరించినవి మళ్లీ మళ్లీ పడుతున్నాయి, బెల్లం మరిగాయి. వాటి చెవుల్లో నీ ఎర్ర పురుగు పసుపు కుంకుమ అద్దినట్టు కనిపిస్తోంది. గుడ్డ మీద దువ్వితే రాలుతోంది. సీసాలు చాలలేదు, ఇంకో పెట్టె పంపు.

వరస తప్పలేదు. పది అడుగులకొకటి, కట్టె మొదట్లోనే. మోకాళ్లకు కూడా ఇప్పుడు హాయి. పొద్దున లేచి ముఖం కడగకముందే అన్నీ చూసేస్తున్నాను.

మౌనికకు కూడా సరదా పుట్టింది. “నాయినా, నేను తుంపిస్త బెల్లం, నువ్వు పెట్టు” అంటుంది. తొడుగులు నాకే ఇచ్చావు కదా, ఆమెను బోను ముట్టనివ్వను, బెల్లం వరకే. కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా నా చెయ్యి పట్టుకొని పెట్టుకుంటుంది. చెవులు లేకపోయినా ఆ చప్పుడు నాకు తెలుస్తుంది. నా జన్మకు ఇది చాలు.

టీక్యాకు ఎట్లా ఉంది?

మామ

*

భూపాలపల్లి,
17 డిసెంబర్ 2024

మామా,

టీక్యా చనిపోయాడు.

ముందు తండా దగ్గరి డాక్టరు, తర్వాత ఇంకో డాక్టరు, ఆఖరికి వరంగల్. అక్కడ ఎవరో అంగీ విప్పి చూశారు. చంకలో నల్లటి పొక్కు. నొప్పి ఉండదు, దురద ఉండదు, ఎండిపోయి అంటుకొని ఉంటుంది. పురుగు కుట్టిన చోటు అది. ముందే చూసి ఉంటే మామూలు మందుతో తగ్గిపోయేది. పక్కనే పనిచేసినదాన్ని, నేనే చూడలేదు. మోతీ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నీ సంగతి. నీ సీసాలు చూసి మా సారు నమ్మలేదు. అడవిలో కంటే, గుట్టల్లో కంటే మన పత్తి చేనులో పురుగు ఎన్నో రెట్లు ఎక్కువ. నవంబరులో లేనిది ఇంతలో ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. పక్క చేలు కోసేస్తే ఎలుకలన్నీ మీ చేనుకు చేరి ఉంటాయని అనుకుంటున్నాం. మోకాళ్ల నొప్పి తగ్గినందుకు సంతోషమే కానీ, ఇక నువ్వు చేనుకు పోవద్దు. బోన్లు అక్కడే వదిలెయ్యి, జనవరిలో నేనే వచ్చి తీస్తాను.

ఎవరినీ చేను వైపు పోనివ్వకు. మౌనికను అసలే వద్దు. కడుపుతో ఉన్నవాళ్లకు ఈ జ్వరం మరీ చెడ్డది. ఆమెను ఇంటి పట్టునే ఉంచు. పొద్దున పూట ఇంటెనుక ఎండలో కూర్చోబెట్టు, నీళ్ల పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుంది. ఆదివారం ఫోన్ చేస్తే, “నాయినకు ఎలుకల పిచ్చి పట్టింది వదినా” అని ఒకటే నవ్వు. ఆ నవ్వు విన్నాక టీక్యా మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నువ్వు కూడా ఈ ఉత్తరం ఆమెకు గానీ అత్తమ్మకు గానీ చూపించకు. ఈ సమయంలో భయపడకూడదు.

రజిత

*

పెద్దవంగర,
26 డిసెంబర్ 2024

బిడ్డా,

టీక్యా కోసం దీపం పెట్టాను. ఎన్నడూ చూడని మనిషి, అయినా మన వరసలోనివాడే కదా. నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. గట్టమ్మ “ఏం రాసింది?” అని నాలుగుసార్లు అరిచింది. వినపడనట్టు కూర్చున్నాను. చెవిటితనం అప్పుడప్పుడు పనికొస్తుంది. తర్వాత పొయ్యిలో వేసేశాను.

కానీ చేను వైపు పోవద్దని రాశావు చూడు, నవ్వొచ్చింది. అక్కడ ఏముందని పోతాను? పత్తికాయకు గులాబీ పురుగు కొట్టింది, కట్టె తొందరగా పీకెయ్యమని వ్యవసాయం ఆఫీసాయన వచ్చి చెప్పాడు. డిసెంబరు మొదట్లోనే పీకించి రెండు ట్రాక్టర్లు ఇంటికి తోలాను. చేను ఇప్పుడు అరచెయ్యిలా ఉంది. చాటు లేని చోట బోను పెట్టొద్దు, కట్టె మొదట్లోనే ఉండాలని నువ్వే కదా చెప్పావు? అందుకే కట్టెతో పాటు బోన్లూ ఇంటికొచ్చాయి. ఇంటెనుక గోడ పొడుగునా వామి వేసి, దాని మొదట్లో వరసగా పెట్టాను. అప్పటినుంచే కదా బోన్లు నిండింది! ఎలుకలు కట్టెలోనే దాక్కొని ట్రాక్టరెక్కి వచ్చినట్టున్నాయి. నీకు రాయలేదా? రాశాననే అనుకున్నాను.

మౌనిక గడప దాటడం లేదు, బెంగ పెట్టుకోకు. నువ్వు చెప్పినట్టే పొద్దున పూట వామికి ఆనుకొని ఎండలో కూర్చుంటుంది. పక్కనే నీళ్ల పొయ్యి. పుల్ల విరిచి పొయ్యిలో పెడుతూ తల్లీబిడ్డలు ముచ్చట్లు. స్నానాల నీళ్లు పారి అక్కడ కాస్త గడ్డి కూడా మొలిచింది, కూర్చోవడానికి మెత్తగా ఉంటుంది.

మూడు రోజులనుంచి కొంచెం ఒళ్లు వేడిగా ఉంది. ఊరి డాక్టరు సూది వేశాడు, చలికాలం జ్వరమే అన్నాడు. నడుము దగ్గర, లంగా నాడ కింద, పొయ్యిలోంచి నిప్పురవ్వ పడి కాలిందట. నాకు చెప్పడానికి సిగ్గుపడింది. గట్టమ్మ చేత్తో సైగ చేసి చెప్పింది. చిన్నదే, నల్లగా మాడింది. “మంటేం లేదు నాయినా” అంటుంది.

కట్టె మనకు ఎక్కువే. చూడవచ్చిన వాళ్లకు తలో మోపు ఇస్తున్నాం. యాదమ్మకు రెండు మోపులు ఇచ్చాను, ముసలామె ఒక్కతే ఉంటుంది, ఏరుకోలేదు.

కొత్త సీసాలు ఎప్పుడు పంపుతావు?

మామ

*

భూపాలపల్లి బస్టాండు,
29 డిసెంబర్ 2024, సాయంత్రం

మామా,

అది నిప్పురవ్వ కాదు.

నిప్పు పడితే మండుతుంది మామా. మండలేదని ఆమే చెప్పింది. అది పురుగు కుట్టిన పొక్కు. టీక్యాకు ఉన్నదే.

ఇక్కడ డబ్బా విప్పి నిలబడే చదివాను. మౌనిక ఫోన్ ఆగిపోయి ఉంది. శ్రావణ్‌కు చేశాను, డోర్నకల్ నుంచి బండి మాట్లాడుకొని బయల్దేరాడు. ఈ ఉత్తరం అందేసరికి అతడు మీ దగ్గర ఉంటాడు. నేను రేపు వరంగల్ దవాఖానకు నేరుగా వస్తాను. డాక్టరుకు రెండే మాటలు చెప్పాలి: స్క్రబ్ టైఫస్ పరీక్ష, కడుపుతో ఉంది. దాన్ని బట్టి మందు వాళ్లే చూసుకుంటారు. అతడు ఎంత చెప్పినా నీకు వినపడదని, మిగిలినది ఇలా రాసి తొర్రూరు బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను.

వామి దగ్గరికి ఎవరినీ రానివ్వకు. కోపంలో తగలబెట్టకు. తగలబెడితే లోపల ఉన్నవన్నీ చుట్టుపక్కల ఇళ్లలోకి ఉరుకుతాయి. మందు చల్లేవాళ్లను నేను పంపుతాను.

నువ్వు నేను చెప్పిందే చేశావు. ఒక్క మాట తప్పలేదు. కట్టె మొదట్లో అన్నానే గానీ, నేల మారకూడదు, కట్టె పోయినా, ఖాళీగా ఉన్నా ఆ చోటే ఉండాలి అని నేను చెప్పలేదు. మోకాళ్లు హాయిగా ఉన్నాయంటే సంతోషపడ్డాను గానీ ఎందుకని అడగలేదు. ఇంటెనుక కూర్చోబెట్టమన్నది నేను. చూపించొద్దన్నది నేను. అత్తమ్మ ఆ ఉత్తరం చదివించుకొని ఉంటే ఆ పొక్కును చూసిన రోజే గుర్తుపట్టేది.

మోపులు ఎవరెవరికి ఇచ్చావు? ప్రతి ఇంటికీ పోయి అడగాలి. ఒంటి మీద నల్ల పొక్కు ఉందా, జ్వరం ఉందా అని. సిగ్గుపడతారు, చెప్పరు. అత్తమ్మను వెంట తీసుకుపో. ఒక్క ఇల్లు కూడా వదలకు.

రజిత

*

పెద్దవంగర,
7 జనవరి 2025

బిడ్డా రజితా,

నువ్వు దవాఖాన నుంచి పోయాక మౌనికకు ముక్కు గొట్టం తీశారు. నిన్న రెండు ముద్దలు తిన్నది. శ్రావణ్ దగ్గరే ఉన్నాడు. డాక్టరమ్మ కాగితం మీద రాసి చూపించింది: ఇక ప్రాణానికి భయం లేదు.

బిడ్డ సంగతి ఆమెకు చెప్పాం. ఆడపిల్ల అని కూడా చెప్పాం. నువ్వు చూశావు కదా, గోళ్లు కూడా వచ్చాయి. మౌనిక ఏడవలేదు. నా చెయ్యి తీసుకొని, ఇదివరకు పెట్టుకున్న చోటే పెట్టుకుంది. నేను చెవిటివాడిని, అయినా ఇంతకాలం అక్కడ నాకు వినపడేది. ఇప్పుడు ఏమీ లేదు. నా గుండె పగిలిపోయింది బిడ్డా, ఇంకే మాటతో చెప్పాలో నాకు తెలియదు.

నిన్ను ఒక్క మాట అనను. నువ్వూ అనుకోకు. నీ చేతి మీదుగా జరిగింది, నా చేతి మీదుగా జరిగింది. గట్టమ్మ మాత్రం మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు పూర్తిగా నిశ్శబ్దమైంది. ఆమె అరుపు కూడా లేకపోయేసరికి చెవుడంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. దవాఖాన తిరుగుళ్లతో ఇన్నాళ్లూ ఏ ఇంటికీ పోలేకపోయాం. ఈ పొద్దున తనే చెప్పులేసుకొని వచ్చి నా భుజం తట్టింది. “నడువు. ఇంటింటికి పోదం. ఆడోళ్లను నేను జూస్త” అంది.

అందరికీ మోపులు ఇచ్చింది నేనే కాబట్టి ఏ ఇల్లూ మరిచిపోను. నీ పద్ధతే. ఒక చివర మొదలుపెట్టి వరస తప్పకుండా పోతున్నాం. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. జగన్ అంగీ విప్పి తనే వెనక్కి తిరిగి చూపించాడు. “ఏం లేదు గదనే సమ్మన్నా? సక్కగ జూడు” అని రెండుసార్లు అడిగాడు. ఏమీ లేదు. ఆ పక్కింట్లో ఏమీ లేదు. దాని ఎదురింట్లో గట్టమ్మ లోపలికి పోయి, బయటికొచ్చి తల అడ్డంగా ఊపింది. ఏమీ లేదు. బోన్లు ఖాళీగా ఉన్నాయని నీ దగ్గర సిగ్గుపడినవాణ్ని, ఇప్పుడు ఒక్కో ఇల్లు ఖాళీ అని తేలుతుంటే కురవి వైపు తిరిగి దండం పెడుతున్నాను.

ఆఖరి ఇల్లు యాదమ్మది. ఆమె అరుగు మీద కూర్చొనే ఇది రాస్తున్నాను. రెండు మోపుల్లో ఒకటి విప్పి ఉంది, సగం వాడింది. ఇంకోదాని మీద ఆమె చీర ఆరేసి ఉంది. ముసలామెను మూడు రోజులుగా చూడలేదని పక్కవాళ్లు సైగ చేశారు. తలుపుకు లోపలినుంచి గడియ పెట్టి ఉంది.

గట్టమ్మ తలుపు కొడుతూ పిలుస్తోంది. ఇంత గట్టిగా ఆమె నన్ను కూడా ఎప్పుడూ పిలవలేదు. లోపలినుంచి యాదమ్మ పలికినా నాకు వినపడదు. అందుకే నేను గట్టమ్మ ముఖం చూస్తున్నాను.